మొద్దూ కాదు, మొండీ కాదు... మధ్యలో ఆగిపోయాడంతే!

నా చిన్నప్పటి ఫ్రెండ్ ఒకడున్నాడు. అసలు పేరు ఎందుకులే, శీను అనుకుందాం. వాట్సాప్‌లో వాడు ఎప్పుడూ వాయిస్ మెసేజే పంపిస్తాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా వాయిసే. నేను టైప్ చేసి పంపితే బ్లూ టిక్ పడుతుంది కానీ జవాబు రాదు. వాడిది బద్ధకం అని ఏళ్ల తరబడి అనుకున్నాను.

పోయిన ఏడాది మా ఇంటి గృహప్రవేశానికి వాడికి కార్డు ఫొటో పంపించాను. సాయంత్రం ఫోన్ చేసి, "ముహూర్తం ఎన్నింటికిరా?" అన్నాడు. "కార్డులో ఉంది కదరా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. "నాకు చదవడం సరిగ్గా రాదురా. షెడ్డులో కుర్రాడు ఉంటే చదివించుకునేవాణ్ని. వాడు ఇవాళ రాలేదు."

శీనుకి సొంత బైక్ మెకానిక్ షెడ్డు ఉంది. బండి సౌండ్ విని జబ్బు ఎక్కడుందో చెప్పేస్తాడు. డబ్బు లెక్కలో రూపాయి తేడా రానివ్వడు. అలాంటివాడు తొమ్మిదో తరగతి దాకా మాతోపాటే స్కూలుకి వచ్చి, ఒక పేరా చదవడం రాకుండా ఎలా బయటికి వెళ్లిపోయాడు?

ఆ రాత్రి ఆలోచిస్తుంటే ఆరో తరగతి గుర్తొచ్చింది. మేమిద్దరం ఒకే బెంచి. తెలుగు సారు వరసగా ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా చదివించేవారు. శీను వంతు రెండు బెంచీల దూరంలో ఉండగానే వాడు ఏదో ఒక కోతి పని చేసేవాడు. పిల్లికూత కూసేవాడు, ముందువాడి చొక్కా లాగేవాడు. క్లాసంతా నవ్వేది. సారు "బయటికి పోరా" అనేవారు. వాడు నవ్వుకుంటూ వెళ్లేవాడు. మాకు వాడో హీరో.

ఇప్పుడు అర్థమవుతోంది. బయట నిలబడితే పోయేది ఒక్క పీరియడే. చదవడం రాదని అందరి ముందూ తెలిస్తే పరువే పోతుంది. ఆ పన్నెండేళ్ల కుర్రాడు రెండింటిలో తేలికైనది ఎంచుకున్నాడు. అది మాకెవరికీ తెలియలేదు. సారుకీ తెలియలేదు.

పీ-వన్, పీ-టూ, పీ-త్రీ

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా ఆఫీసులో ఏ సమస్య వచ్చినా టికెట్‌కి ఒక ప్రయారిటీ ఇస్తాం. సర్వర్ మొత్తం పడిపోతే పీ-వన్. అర్ధరాత్రి అయినా నలుగురు లేచి కూర్చుంటారు. బటన్ రంగు బాగాలేకపోతే పీ-త్రీ. ఎప్పుడో తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ రెండింటి మధ్యలో పీ-టూ ఉంటుంది. సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది కానీ నెమ్మదిగా, తప్పులతో నడుస్తుంది. ఎవరి కంటా పడదు. పట్టించుకోకపోతే ఆర్నెల్లకు అదే పీ-వన్ అయి కూర్చుంటుంది.

క్లాసులో శీనులాంటి పిల్లలు ఆ పీ-టూ టికెట్లు.

చాలా దేశాల్లో బడి సాయాన్ని మూడు మెట్లుగా చూస్తారు. మొదటి మెట్టు అందరికీ చెప్పే మామూలు పాఠం. అది బాగా చెబితే చాలామందికి సరిపోతుంది. మూడో మెట్టు ఒక్కో పిల్లవాడి కోసం విడిగా ప్లాన్ వేసి, నిపుణులతో ఇప్పించే సాయం. అది కొద్దిమందికే కావాలి. అమెరికా స్కూళ్లలో దీన్ని త్రిభుజంలా గీసి చూపిస్తారు. కింద సుమారు 80 శాతం, మధ్యలో 15, పైన 5 అని స్థూలంగా లెక్కేస్తారు. ఆ మధ్యలో 15 శాతం పిల్లలకు క్లాసులో పాఠం ఒక్కటే సరిపోదు. అలాగని వాళ్లకు పెద్ద సమస్య ఉందా అంటే అదీ లేదు. వాళ్లకు కావాల్సింది కొంచెం అదనపు సాయం. అది సరిగ్గా ఎక్కడ ఆగిపోయారో అక్కడ, కొన్ని వారాలపాటు, చిన్న గుంపులో అందాలి. అదే రెండో మెట్టు.

మన దగ్గర మొదటి మెట్టు ఉంది. మూడో మెట్టుకి చట్టం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో డిస్లెక్సియాలాంటి అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలు ఉన్నాయి. చాలా స్కూళ్లలో లేనిది మధ్య మెట్టే. మా ఇంట్లోనే ఒకడు అక్కడ కాలు జారబోయాడు.

డైరీ నిండా ఎర్ర ఇంకు

మా అక్క కొడుకు చిన్నూ మూడో తరగతి, ప్రైవేటు స్కూలు. గతేడాది దసరా సెలవులకు ముందు అక్క ఫోన్ చేసి ఏడ్చేసింది. "ఒరేయ్, వీడి డైరీ తెరవాలంటేనే భయంగా ఉందిరా. రోజూ ఎర్ర ఇంకే." క్లాసులో కుదురుగా కూర్చోడు, పక్కవాళ్లతో కబుర్లు, నోట్స్ పూర్తి చేయడు. యూనిట్ టెస్టులో తెలుగుకి 25కి 7.

స్కూలువాళ్లు రెండే దారులు చెప్పారు. ఒకటి, ట్యూషన్ పెట్టించండి. రెండు, డాక్టరుకి చూపించండి. అక్క రెండూ చేసింది. ట్యూషన్లో వాడి చేత స్కూలు హోంవర్కే మళ్లీ చేయించారు. రాని పాఠమే రెండోసారి రాయించారన్నమాట. సైకాలజిస్టు దగ్గర పరీక్షలన్నీ అయ్యాక, వాడికి వైకల్యం అని చెప్పేంతది ఏమీ లేదన్నారు. "చదవడంలో కొంచెం వెనకబడ్డాడు. సాయం చేయండి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూద్దాం" అని పంపించారు.

మరి ఆ సాయం ఎవరు చేయాలి? స్కూలుకి వాడు మొండివాడు. ట్యూషన్‌కి ఫీజు కట్టేవాడు. డాక్టరు లెక్కలో వాడికి జబ్బు లేదు. మధ్యలో వాడు ఎవరికీ చెందకుండా పోయాడు.

సంక్రాంతి తర్వాత వాళ్ల క్లాసుకి కొత్త టీచర్ వచ్చారు. ఆవిడ మొదటి వారంలోనే ఒక్కో పిల్లవాణ్ని పక్కకి పిలిచి ఒక పేజీ చదివించుకున్నారు. చిన్నూని చదివించాక అక్కని పిలిచి చెప్పిన మాట నాకు బాగా గుర్తు. "మీవాడికి చదవడం రాకపోవడం కాదండీ. ఒత్తుల దగ్గర ఆగిపోయాడు."

ఎక్కడ ఆగాడో తెలిస్తే సగం పని అయినట్టే

మనకి చదవడం వచ్చేసింది కాబట్టి ఇది అర్థం కాదు. తెలుగులో చదవడం అంటే అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అని మెట్లుమెట్లుగా వెళ్లాలి. చాలా ఒత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టే ఉంటాయి. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులు చూడండి. అక్షరానికీ ఒత్తుకీ పోలికే ఉండదు. రెండో తరగతిలో ఒక నెల జ్వరంతోనో, ఊరు మారడంతోనో బడికి పోకపోతే ఆ ముక్క మిస్సవుతుంది. ఇక మూడో తరగతి పుస్తకంలో ప్రతి లైనులోనూ రెండు మూడు చోట్ల గుంత తగులుతుంది.

చిన్నూ 'అమ్మ', 'అన్న' గడగడా చదివేవాడు. రోజూ చూసే మాటలు కదా, బొమ్మలా గుర్తుపెట్టుకున్నాడు. 'స్నేహం', 'రాత్రి' దగ్గర ఆగిపోయేవాడు. 'కొడుకు'లో కొ, 'కోడి'లో కో మధ్య తడబడేవాడు. ఆగిపోయిన ప్రతిసారీ పక్కవాణ్ని గిల్లేవాడు. డైరీలో గిల్లడం ఒక్కటే ఎక్కేది.

టీచర్‌గారు అలాంటివాళ్లు అయిదుగురిని గుర్తించారు. వారానికి నాలుగు రోజులు, లైబ్రరీ పీరియడ్‌లో 25 నిమిషాలు వాళ్లకి కేటాయించారు. సిలబస్ జోలికి వెళ్లలేదు. రోజుకి ఒక ఒత్తు, దానితో పది మాటలు, ఆ మాటలతో ఒక చిన్న కథ. శుక్రవారం మాత్రం ఒక నిమిషం టైమర్ పెట్టి, తప్పులు లేకుండా ఎన్ని మాటలు చదివారో లెక్కపెట్టేవారు.

ఆ నంబర్లు అక్క నాకు పంపిస్తే నేను ఫోన్‌లోనే షీట్ చేసి గ్రాఫ్ గీశాను. మొదటి శుక్రవారం 17 మాటలు. మూడో వారం 18. అక్క నీరుగారిపోయింది. అయిదో వారం 24. తర్వాత పరీక్షల హడావుడిలో ఒక వారం క్లాసు జరగలేదు, 22కి పడింది. పదో వారానికి 39. ఆ రోజు చిన్నూయే వీడియో కాల్ చేసి, "మామయ్యా, నా గీత పైకెళ్లింది చూశావా?" అన్నాడు.

మార్కులు ఎన్నొచ్చాయని అడుగుతారేమో. ఆ ఏడాది తెలుగులో గట్టెక్కాడు, అంతే. లెక్కల్లో కథలా ఉండే ప్రశ్నలు వస్తే ఇంకా తికమకపడతాడు. కానీ డైరీలో ఎర్ర ఇంకు తగ్గింది. కుదురుగా కూర్చోమని ఎవరూ కొత్తగా చెప్పలేదు. చదవడం వస్తుంటే గిల్లాల్సిన పని లేకపోయింది.

మన దేశమే ప్రపంచానికి నేర్పిన పాఠం

ఇదేదో విదేశీ ఫ్యాషన్ అనుకోకండి. 'ప్రథమ్' అనే స్వచ్ఛంద సంస్థ ముంబయి, వడోదర నగరాల్లోని మున్సిపల్ స్కూళ్లలో 'బాలసఖి' అనే పథకం నడిపింది. అదే బస్తీలో ఉండే, చదువుకున్న అమ్మాయిని ఎంపిక చేసి, రెండు వారాలు శిక్షణ ఇచ్చేవాళ్లు. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన 15 నుంచి 20 మంది పిల్లల్ని ఆమె రోజూ రెండు గంటలు క్లాసు నుంచి విడిగా తీసుకెళ్లి, వాళ్లకి రాని చోటు నుంచి మొదలుపెట్టి నేర్పేది. జీతం నెలకి 500 నుంచి 750 రూపాయలు.

అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వాళ్ల సహచరులు 2001 నుంచి ఈ పథకం ఫలితాల్ని కొలిచారు. బాలసఖి ఉన్న స్కూళ్లలో మార్కులు స్పష్టంగా పెరిగాయి. బాగా వెనకబడిన పిల్లలే ఎక్కువ లాభపడ్డారు. ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. ఈ పిల్లలు బయటికి వెళ్లడంతో క్లాసులో మిగిలినవాళ్ల సంఖ్య తగ్గింది కదా, వాళ్లకీ లాభం జరిగిందా అని చూశారు. తేడా ఏమీ కనిపించలేదు. అంటే క్లాసులో మంది తగ్గితే చాలదు, చెప్పేది మారాలి. పేదరికంపై ఇలాంటి ప్రయోగాలు చేసినందుకు బెనర్జీ, డఫ్లోలకు మైఖేల్ క్రెమర్‌తో కలిపి 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

తర్వాత ఇంకో సంగతి కూడా బయటపడింది. టీచర్లకి మెటీరియల్ ఇచ్చి, శిక్షణ ఇచ్చి వదిలేస్తే పెద్దగా ఫలితం రాలేదు. సిలబస్ పూర్తిచేసే ఒత్తిడిలో అది పక్కకి పోయింది. హర్యానాలో రోజుకో గంట టైమ్‌టేబుల్‌లోనే కేటాయించి, పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వాళ్ల స్థాయిని బట్టి కూర్చోబెడితే పని జరిగింది. టైమ్‌టేబుల్‌లో లేని సాయం జరగదు. చిన్నూ టీచర్‌గారు లైబ్రరీ పీరియడ్‌ని వాడుకోవాల్సి వచ్చింది అందుకే.

ఈ అవసరం ఎంత పెద్దదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సగానికి కాస్త తక్కువే. మన దగ్గర ప్రయత్నాలు లేకపోలేదు. ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి తెలంగాణ ప్రభుత్వం 2022లో 'తొలిమెట్టు' మొదలుపెట్టింది. అసలు 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఈ మాట ఉంది. ప్రతి పిల్లవాడి నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం టీచర్ విధుల్లో ఒకటి. అంటే చిన్నూకి ఆవిడ చేసింది దయ కాదు. అది వాడికి చట్టం ఇచ్చిన హక్కు.

అల్లరికీ ఒక కార్డు

పిల్లలందరి అల్లరీ చదువు రాకపోవడం వల్లే కాదు. కొందరికి పెద్దవాళ్లు తమని చూడాలి, పలకరించాలి. మంచిగా ఉంటే ఎవరూ చూడరు, అల్లరి చేస్తే అందరూ చూస్తారు. అలాంటివాళ్ల కోసం అమెరికా స్కూళ్లలో 'చెక్-ఇన్ చెక్-అవుట్' అనే పద్ధతి వాడతారు. చాలా సింపుల్.

పొద్దున్నే పిల్లవాడు బడిలో తనకి నచ్చిన ఒక టీచర్‌ని కలుస్తాడు. రెండు నిమిషాలు మాట్లాడి, ఒక కార్డు తీసుకుంటాడు. అందులో రెండు మూడు చిన్న లక్ష్యాలుంటాయి. చెయ్యెత్తి మాట్లాడటం, చేతులు తన దగ్గరే పెట్టుకోవడం లాంటివి. ప్రతి పీరియడ్ చివర ఆ టీచర్ 0, 1, 2లో ఒక పాయింట్ వేసి ఒక మంచి మాట చెబుతారు. సాయంత్రం మళ్లీ మొదటి టీచర్ దగ్గరికి వెళ్లి లెక్క చూసుకుంటాడు. మామూలుగా 80 శాతం పాయింట్లు లక్ష్యంగా పెడతారు. కార్డు ఇంటికి వెళ్తుంది, అమ్మానాన్నలు సంతకం పెడతారు. అంటే రోజుకి అయిదారుసార్లు ఒక పెద్దమనిషి వాణ్ని తిట్టకుండా పలకరిస్తాడు.

ఇక్కడే జాగ్రత్త పడాలి. పెద్దవాళ్ల ధ్యాస కోసం అల్లరి చేసే పిల్లలకే ఈ కార్డు బాగా పనిచేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. పాఠం తప్పించుకోవడానికి అల్లరి చేసేవాడికి కార్డు ఒక్కటే ఇస్తే సరిపోదు. శీనుకి కార్డు ఇచ్చి ఉంటే ఏమయ్యేది? చదివే వంతు వచ్చినప్పుడు అదే పిల్లికూత. కార్డులో మాత్రం సున్నా. వాడికి కావాల్సింది ఒత్తులు. అందుకే మొదట అడగాల్సిన ప్రశ్న 'వీడు ఏం చేశాడు?' కాదు, 'దానివల్ల వీడికి ఏం దక్కుతోంది?'.

ఇంకో ప్రమాదం ఉంది. మనవాళ్లు ఆ కార్డుని నేరాల చిట్టాగా మార్చేయగలరు. ఇంటికి రాగానే "ఇవాళ మూడు సున్నాలా?" అని వీపు మోగితే, మర్నాడు ఆ కార్డు స్కూలు బయట కాలవలో ఉంటుంది.

సి-సెక్షన్‌కీ దీనికీ తేడా

"మా స్కూల్లో వీక్ స్టూడెంట్స్‌కి సెపరేట్ సెక్షన్ ఉంది కదా" అని కొందరు అంటారు. నేను చదివిన చోటా ఉండేది. మార్కుల్ని బట్టి ఏ, బీ, సీ. సీలో పడినవాడు ఏడాదంతా సీయే. పేరు పెట్టి పిలవడం మానేసి 'సీ బ్యాచ్' అనేవాళ్లు.

రెండో మెట్టు సాయం అలా ఉండదు. దానికి మొదలు ఉంటుంది, ముగింపు ఉంటుంది. పిల్లవాడు రోజంతా తన క్లాసులోనే ఉంటాడు, అరగంట మాత్రమే గుంపులోకి వెళ్తాడు. ప్రతి వారమో రెండు వారాలకో కొలుస్తారు. గీత పైకి వెళితే గుంపు నుంచి బయటికి పంపేస్తారు. వెళ్లకపోతే పిల్లవాణ్ని తిట్టరు, పద్ధతి మారుస్తారు. అప్పటికీ కదలకపోతే మూడో మెట్టుకి, అంటే నిపుణుల దగ్గరికి పంపిస్తారు. ఆ వారాల లెక్కలు నిపుణులకి కూడా పనికొస్తాయి. మా భాషలో చెప్పాలంటే లాగ్స్ లేకుండా బగ్ పట్టుకోమంటే ఎవరు పట్టుకుంటారు?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటే...

మనలో చాలామందికి ఇంకా పిల్లలు లేరు. కానీ తమ్ముళ్లు, మేనకోడళ్లు, ఎదురింటి బుడ్డోళ్లు ఉన్నారు. అసర్ వాళ్ల పద్ధతినే ఇంట్లో వాడుకోవచ్చు. అక్షరాలు, మాటలు, ఒక చిన్న పేరా, ఒక చిన్న కథ. పిల్లవాడి చేత వరసగా చదివించండి. పది నిమిషాల్లో ఎక్కడ ఆగాడో తెలిసిపోతుంది. అందరి ముందు కాదు, పక్కకి పిలిచి.

ఆగిన చోటు నుంచే మొదలుపెట్టండి, వాడి తరగతి పుస్తకం నుంచి కాదు. రోజూ అరగంట, వారానికి నాలుగు రోజులు, పది పన్నెండు వారాలు. ఒక ఆదివారం నాలుగు గంటలు కూర్చోబెట్టడం దీనికి సమానం కాదు. వారానికోసారి ఒక నిమిషం టైమర్. గీత వాడికి చూపించండి. పక్కింటి పిల్లాడి గీతతో పోల్చకండి.

స్కూలుకి వెళ్లినప్పుడు 'మావాడు ఎలా చదువుతున్నాడు?' అని అడిగితే 'ఇంప్రూవ్ అవ్వాలి' అనే జవాబే వస్తుంది. 'ఎక్కడ ఆగాడు? దానికోసం విడిగా ఎంత టైమ్ ఇస్తున్నారు? మళ్లీ ఎప్పుడు కొలుస్తారు?' అని అడగండి. చూపు, వినికిడి ఒకసారి పరీక్ష చేయించండి. వారాలు గడిచినా కదలిక లేకపోతే నిపుణుల దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడొద్దు.

చిన్నూ గ్రాఫ్ శీనుకి చూపించాను. షెడ్డులో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు చూశాడు. "మన సారు మంచోడేరా. నేను బయట నిలబడ్డప్పుడు ఎండ పడుతుంటే నీడలోకి పోయి నిలబడమనేవాడు. ఎందుకు చదవట్లేదని మాత్రం ఎప్పుడూ అడగలేదు" అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు మేమిద్దరం షెడ్డు మూసేశాక కూర్చుంటున్నాం. మిగతా రోజుల్లో చిన్నూ వాడిన మాటల లిస్టే ఫోన్‌లో పంపిస్తాను, వాడు చదివి వాయిస్ పంపిస్తాడు. ముప్పైకి దగ్గరపడ్డాక మొదలుపెట్టాం కాబట్టి నెమ్మదిగానే నడుస్తోంది. పోయిన వారం వాడి నుంచి మొదటిసారి టైప్ చేసిన మెసేజ్ వచ్చింది. 'రాత్రి వస్తా'. త్ర ఒత్తూ, స్త ఒత్తూ రెండూ కరెక్టే.